క్షమించినవాడు ప్రోనోటు కూడా చించివేయాలా?

టంగుటూరు_రైతు
మా అక్క భర్త, అంటే మా బావగారు, పొగాకు ఆరబెట్టే బ్యారన్ మరమ్మతుకూ కౌలు చెల్లింపుకూ అవసరమని నా దగ్గర నాలుగు లక్షల రూపాయలు తీసుకొని, నూటికి రూపాయిన్నర వడ్డీకి ప్రోనోటు రాసి ఇచ్చారు. తరువాత వచ్చిన పంట వేలంలో మంచి ధరకే పోయింది. అసలు సంగతి అటుంచి వడ్డీ కూడా నా చేతికి రాలేదు. మొదట అడిగినప్పుడు గడువు కోరారు, ఇచ్చాను. ఇప్పుడు మాత్రం అది అప్పే కాదనీ, మా అక్కకు పుట్టింటి నుంచి రావలసిన వాటాలో భాగమనీ బంధువుల ముందు చెబుతున్నారు. ఆయన మా క్రైస్తవ సంఘంలో డీకన్ (పరిచారకుడు) కూడా.

నేను దావా వేయబోతున్నానని తెలిసి మా పాస్టరు గారు ఇంటికి వచ్చారు. విశ్వాసి మీద విశ్వాసి వ్యాజ్యమాడకూడదని మొదటి కొరింథీ పత్రిక 6వ అధ్యాయం చదివి వినిపించి, బావగారిని క్షమించి ఆ కాగితం చించివేసే వరకు ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారంలో, పాలు పొందవద్దని చెప్పి వెళ్లారు. నోటు మీద దావా వేసే గడువు వచ్చే నెలతో ముగుస్తుంది. ఆయన చెడిపోవాలని నేను ఏనాడూ కోరుకోలేదు, ఆయన పిల్లలు నా చేతుల మీదుగా పెరిగిన పిల్లలు. క్షమించడమంటే జరిగినది జరగలేదని ఒప్పుకోవడమేనా అన్నదొక్కటే నన్ను వేధిస్తున్న ప్రశ్న.

పెన్నా_ఒడ్డు
చించివేయండి అన్నా. మత్తయి 18వ అధ్యాయంలో రాజు తన దాసునికి పదివేల తలాంతుల అప్పు వదిలివేశాడు. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారములు, దేనారము అంటే ఒక కూలివాని రోజు కూలి. ఆ లెక్కన అది ఆరు కోట్ల రోజుల కూలి, అంటే లక్షా అరవై వేల ఏళ్లకు పైబడిన కష్టం. అంత అప్పు మాఫీ పొందినవాళ్లం మనం. నాలుగు లక్షల కోసం తోబుట్టువు భర్తను కోర్టు మెట్లెక్కిస్తే ఊరిలో మన సాక్ష్యం ఏమవుతుంది?

విశ్రాంత_ఉపాధ్యాయుడు_ఒంగోలు
పెన్నా ఒడ్డు వేసిన లెక్క సరైనదే, అయితే ఆ ఉపమానాన్ని మనం సగమే చదువుతున్నామని నాకు చాలా కాలంగా అనిపిస్తోంది. అప్పు మాఫీ పొందిన ఆ దాసుడే బయటికి వెళ్లి, తనకు బాకీ ఉన్న మరొక దాసుని గొంతు పట్టుకొని చెరసాలలో వేయించాడు. ఆ రెండవ దాసుడు బాకీ పడినది నూరు దేనారములు, అంటే నూరు రోజుల కూలి. కూలి చేసుకునే కుటుంబానికి అది మూడు నెలల తిండి. దానిని ప్రభువు అల్పమైన మొత్తంగా చూపలేదు. మనకు జరిగిన నష్టం నష్టమేనని ఒప్పుకున్న తరువాతే, దానిని దేవుడు మనకు వదిలివేసిన దాని పక్కన నిలబెట్టి చూడమంటున్నాడు. ఏ నష్టమూ జరగలేదనుకున్నప్పుడు క్షమించడానికి అక్కడ ఏమీ మిగలదు.

మరొక సంగతి. ఆ కథలో అప్పుపడిన ఇద్దరిలో ఎవరూ ‘నేను నీకు బాకీ లేను’ అనలేదు. ఇద్దరూ కాళ్ల మీద పడి గడువు అడిగారు. మన రైతు సోదరుని ఎదుట ఉన్న మనిషి అప్పే లేదంటున్నాడు. ఇక తోడిదాసుల మాట మనవాళ్లు ప్రసంగాలలో ఎందుకో వదిలేస్తారు. వాళ్లు జరిగిన అన్యాయం చూసి మిక్కిలి దుఃఖపడి, వెళ్లి యజమానికి సమస్తం తెలియజేశారు. నోరు మూసుకొని ఉండవలసిందని ఆ యజమాని వారిని మందలించలేదు. అదే అధ్యాయంలో, ఆ ఉపమానానికి ముందే, సహోదరుడు తప్పిదం చేస్తే మొదట ఒంటరిగా వెళ్లి గద్దించమనీ, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని వెళ్లమనీ, అప్పటికీ వినకపోతే సంఘానికి తెలియజేయమనీ ఉంది. ఇక్కడ ఆ మెట్లన్నీ దాటవేసి, చివరికి బల్లకు దూరం చేసినది బాధపడినవానిని. పాస్టరు గారి మీద నాకున్న గౌరవంతోనే చెబుతున్నాను, ఇది తలకిందులైన క్రమం.

గూడూరు_లూథరన్
మాస్టారు గారూ, మీరు చెప్పిన దానిలో చివరి భాగంతో ఏకీభవిస్తాను, మొదటి దానితో కాదు. ఎదుటివాడు ఒప్పుకుంటేనే క్షమాపణ అని మొదలుపెడితే, ఒప్పుకోకుండానే చనిపోయినవానిని మనం ఎప్పటికీ క్షమించలేము. శుభ శుక్రవారం నాడు మన సంఘాలన్నిటిలో సిలువపై ఏడు మాటలు ధ్యానిస్తాం కదా, అందులో మొదటి మాటే తనను మేకులతో కొట్టినవారి కోసం చేసిన ప్రార్థన. వారిలో ఏ ఒక్కరూ అప్పటికి క్షమించమని అడగలేదు. మొదటి హతసాక్షి స్తెఫను రాళ్ల దెబ్బలు తింటూ చేసిన ప్రార్థనా అటువంటిదే. మార్కు 11:25లో, ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీద ఏమి ఉన్నా క్షమించమన్నాడు. అక్కడ షరతు కనిపించదు.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_ఒంగోలు
లూకా 17:3లో కనిపిస్తుంది. అతడు మారుమనస్సు పొందితే క్షమించమని ఉంది, దానికి ముందు గద్దించమని ఉంది. యేసు సిలువపై చేసినదైనా తండ్రికి చేసిన ప్రార్థన. సైనికులతో ‘మీరు చేసినది సరే’ అని ఆయన అనలేదు.

గూడూరు_లూథరన్
ఆ మాట మాత్రం ఒప్పుకుంటాను. నా హృదయంలో నేను దేవుని ఎదుట వదిలివేయవలసినది ఒకటి ఉంది, అందుకు ఎదుటివాని అనుమతి అవసరం లేదు. వానితో తిరిగి ఒక పంక్తిలో కూర్చోవడం మరొకటి, అది ఇద్దరూ కలిస్తేనే జరుగుతుంది. పౌలు రోమా పత్రిక 12వ అధ్యాయంలో శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడని రాసినప్పుడు, మన చేతిలో లేనిది కొంత ఉంటుందని ఆయనకు తెలుసు.

సింగరాయకొండ_యువకుడు
ఆ విభజన వినడానికి బాగుంది, కానీ దాని వెనుక దాక్కునేవారిని నేను చూస్తున్నాను. ‘హృదయంలో క్షమించాను’ అంటారు, పదేళ్లయినా ఎదుటివాని ఇంటి శుభకార్యానికి వెళ్లరు, చావుకు కూడా వెళ్లరు. మా నాన్న, మా పెదనాన్న అలాగే ఉన్నారు. ఒకే గుడిలో ఒకరు కుడి వైపు, ఒకరు ఎడమ వైపు కూర్చుంటారు. అటువంటి క్షమాపణను దేవుడు లెక్కలోకి తీసుకుంటాడా అన్నది నా సందేహం.

నెల్లూరు_నర్సు
తమ్ముడూ, నీ సందేహం న్యాయమైనదే, అయితే అందరి విషయంలో ఒకే కొలత పనికిరాదు. నా సంగతి చెబుతాను. పెళ్లయిన రెండో ఏడు నుంచి నా భర్త తాగి వచ్చి కొట్టేవాడు. సంఘంలో పెద్దమ్మలు, పెద్దయ్యలు ప్రతిసారీ ‘డెబ్బది ఏళ్ల మారులు’ (డెబ్బై ఏడుల సార్లు క్షమించమని) అన్న వాక్యమే చెప్పి నన్ను తిరిగి పంపించారు. అతనికి మాత్రం ఎవ్వరూ ఒక్క వాక్యమూ చెప్పలేదు. చేయి విరిగిన తరువాత మా అమ్మ నన్ను తీసుకొని వచ్చేసింది. రక్షణాధికారి దగ్గర ఫిర్యాదు చేసి, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నాను.

అతన్ని క్షమించానా అని నన్ను చాలామంది అడిగారు. క్షమించాను. అందుకు ఏళ్లు పట్టింది, మధ్యలో మళ్లీ కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి, ఆ రోజులలో మళ్లీ మొదటి నుంచి ప్రార్థన చేసుకున్నాను. ఇప్పుడు అతని పేరు తలచుకున్నప్పుడు అతను మారాలనే అడుగుతాను. కానీ ఆ ఇంటికి తిరిగి వెళ్లలేదు, వెళ్లను. మేము ఆసుపత్రిలో చీము తీయకుండా పైన కట్టు కట్టము. లోపల ఉన్నది బయటికి రాకుండా ‘క్షమించేశావు కదా’ అని మూసివేస్తే, అది ఒంటి నిండా పాకుతుంది. ఇది చదువుతున్న అక్కచెల్లెళ్లు ఎవరైనా అదే స్థితిలో ఉంటే 181కి ఫోన్ చేయండి. క్షమాపణ గురించి బతికి బయటపడిన తరువాత తీరికగా ఆలోచించవచ్చు.

సింగరాయకొండ_యువకుడు
అక్కా, నేను మా ఇంటి అలకలను మనసులో పెట్టుకొని మాట్లాడాను. మీరు చెప్పినది పూర్తిగా వేరు.

కావలి_అక్క
నర్సమ్మ చెప్పినది చదివి కళ్లు తుడుచుకున్నాను. ఇక అసలు విషయానికి వస్తే, టంగుటూరు తమ్ముణ్ణి ఒక మాట సూటిగా అడగాలి. మీ బావగారు అంటున్న వాటా మాటలో నిజం ఎంత? మన జిల్లాలలో క్రైస్తవ కుటుంబాలలో కూడా ఆడపిల్లకు పెళ్లిలో పెట్టినదే వాటా అని సరిపెట్టేవాళ్లు కోకొల్లలు. మీ అక్కకు ఆస్తిలో ఏమీ ఇవ్వకుండా ఉంటే, ఆయన మాట తీరు తప్పయినా, ఆమెకు మీ మీద కూడా ఒక బాకీ ఉన్నట్టే. మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గర అర్పణ విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్నది సహోదరునికి మనమీద ఏదైనా ఉన్నదని జ్ఞాపకం వచ్చినప్పుడు.

టంగుటూరు_రైతు
అక్కా, అడగవలసిన ప్రశ్నే అడిగారు. నాన్న పోయిన ఏడాదే కాలువ కింద ఉన్న ఎకరం అక్క పేరున రిజిస్టరు చేయించాము, అమ్మ బంగారం కూడా ఆమెకే ఇచ్చాము. మిగిలిన రెండెకరాలు నాకూ మా తమ్ముడికీ చెరొకటి. పత్రాలు ఉన్నాయి. అక్కకు ఆ విషయం తెలుసు, కానీ భర్త ముందు నోరు విప్పలేకపోతోంది. మాస్టారు గారు చెప్పిన మొదటి మెట్టు కూడా ఎక్కాను, బావగారి దగ్గరికి ఒంటరిగానే వెళ్లి మాట్లాడాను. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

న్యాయవాది_నెల్లూరు
చట్టం వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను, నేనూ విశ్వాసినే. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుని ఆస్తిలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. కావలి అక్కయ్య అడిగినది అందుకే చాలా ముఖ్యమైన ప్రశ్న. టంగుటూరు సోదరుని జవాబు చూస్తే ముగ్గురికీ తలా ఎకరం చేరినట్టే ఉంది.

అడిగినప్పుడు చెల్లించే ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు రాసిన తేదీ నుంచి 3 సంవత్సరాలు. ఆ లోపల అప్పు తీసుకున్నవారు కొంత చెల్లించి నోటు వెనుక తమ చేత్తో చెల్లు, అంటే ఎంత చెల్లించారో, రాసి సంతకం చేసినా, అప్పు ఉన్నదని రాతపూర్వకంగా ఒప్పుకున్నా, ఆ తేదీ నుంచి మళ్లీ 3 సంవత్సరాలు లెక్క మొదలవుతుంది. అంటే కోర్టుకు వెళ్లడం, చించివేయడం అనే రెండు దారులే లేవు. చెల్లు వేయించుకోవడం మూడవ దారి. రాజీతో తగాదాలు తీర్చే లోక్ అదాలత్ నాలుగవది. దావా వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు. అక్కడ రాజీ కుదిరితే దానికి కోర్టు డిక్రీ (తీర్పు) విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు.

కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ కింద, అప్పు ఇచ్చినవాడు తనకు రావలసిన దానిలో కొంతనైనా మొత్తాన్నైనా తన ఇష్టంతో వదులుకోవచ్చు. వదులుకునే ఆ హక్కు అప్పు ఇచ్చినవానిది. పాస్టరు గారిది కాదు, బంధువులది కాదు.

పెన్నా_ఒడ్డు
న్యాయవాది గారూ, చట్టం సరే. మొదటి కొరింథీ 6వ అధ్యాయంలో అంతకంటె అన్యాయము సహించుట మేలు కాదా అని పౌలే అడుగుతున్నాడు. దానికి మీ జవాబు ఏమిటి?

న్యాయవాది_నెల్లూరు
అదే అధ్యాయంలో, దానికి ముందు, సహోదరుల మధ్య వ్యాజ్యం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనను లేడా అని కూడా అడుగుతున్నాడు. సంఘం లోపల న్యాయం తీర్చే పని చేయవలసినది సంఘం. ఆ పని చేయకుండా బయటికి మాత్రం వెళ్లవద్దంటే, నష్టపోయినవానికి మిగిలేది మౌనం ఒక్కటే. పౌలు కొరింథు సంఘానికి చెప్పినది అది కాదని నా అభిప్రాయం. పాస్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి, పత్రాలు చూసి, ఇద్దరు పెద్దల ముందు తేల్చగలిగితే దావా అవసరమే ఉండదు.

చీరాల_మగ్గం
ఇంతవరకు డబ్బు గురించి మాట్లాడుకున్నాము. నేను వేరొక సంగతి ఎత్తక తప్పదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది కానీ అప్పుడు మన ప్రకాశం జిల్లాలోనిదే. ప్రాణాలు దక్కించుకున్నవారు మా చీరాలకు పరుగెత్తి వచ్చారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. ఇరవై మూడేళ్లు. మా గుడిలో పెద్దవారు ఆ మాట చెబుతుంటే విన్నాను. ఆ కాలంలో క్షమించమని వారికి చెప్పడానికి వచ్చినవాళ్లు ఉన్నారు, చంపినవారి దగ్గరికి వెళ్లి పశ్చాత్తాపపడమని చెప్పినవాళ్లు మాత్రం తనకు గుర్తు లేరని మా తాతయ్య అనేవారు. బలవంతుడు కొట్టినప్పుడు బలహీనునికి క్షమాపణ బోధించడం చాలా తేలిక, బలవంతునికి సుంకం వసూలు చేసే జక్కయ్య కథ బోధించడం కష్టం. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు జక్కయ్య, ఆ తరువాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు ప్రభువు.

పెన్నా_ఒడ్డు
తమ్ముడూ, ఆ గాయం ముందు నేను వాక్యం చెప్పడానికి సాహసించను. అయినా ఒక సాక్ష్యం గుర్తు చేయాలని ఉంది. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకులనూ వాహనంలోనే కాల్చి చంపినప్పుడు, ఆయన భార్య గ్లాడిస్ గారు హంతకులను క్షమిస్తున్నానని బహిరంగంగా చెప్పారు. బారిపదాలో కుష్ఠు రోగుల సేవను విడిచిపెట్టకుండా మరికొన్నేళ్లు అక్కడే ఉన్నారు. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు.

చీరాల_మగ్గం
అదే నేనూ చెబుతున్నది, ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆమె క్షమించిన తరువాత కూడా కేసు నడిచింది, 2011లో సుప్రీంకోర్టు ప్రధాన దోషికి యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. ఆ శిక్ష వల్ల ఆమె క్షమాపణ విలువ తగ్గిందని ఎవరైనా అంటారా?

పెన్నా_ఒడ్డు
అనను. ఆ కోణంలో నేను ఆలోచించలేదు. అయితే హత్య రాజ్యం మీద జరిగిన నేరం, అందులో బాధితుని ఇష్టంతో కేసు ఆగదు. అప్పు అలా కాదు, అది పూర్తిగా మన చేతిలో ఉంటుంది. అందుకే అక్కడ పరీక్ష మరింత కఠినమని ఇప్పటికీ అనుకుంటున్నాను. వదిలివేయగల శక్తి ఉన్నప్పుడు వదిలివేయకపోవడానికి మనకు కారణం ఉండాలి.

కొండపి_గృహిణి
కారణం ఉంది కదా అన్నగారూ. ఆయన డీకన్. రేపు సంఘం డబ్బు లెక్క కూడా ఆ చేతిలోనే ఉంటుంది. కాగితం చించివేస్తే ఆయనకు మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది కూడా ప్రేమతో ఆలోచించవలసిన విషయమే.

విశ్రాంత_ఉపాధ్యాయుడు_ఒంగోలు
ఆ అమ్మాయి చెప్పిన మాట దగ్గర కొంచెం ఆగాలి. యోసేపు తనను బానిసగా అమ్మివేసిన అన్నలను క్షమించాడని మనం ఆదికాండము 45వ అధ్యాయం నుంచే చెబుతాము. కానీ 42 నుంచి 44 వరకు మూడు అధ్యాయాలలో అతడు వారిని పరీక్షించాడు. చిన్న తమ్ముడు బెన్యామీనును వదిలిపెట్టి వెళ్తారా, లేక అతని కోసం నిలబడతారా అని చూశాడు. అన్నలలో ఒకడైన యూదా ముందుకు వచ్చి తమ్మునికి బదులు తాను దాసునిగా ఉంటానన్న తరువాతే యోసేపు ఏడ్చి తానెవరో చెప్పాడు. అన్నల మీద ప్రేమ అతనిలో ముందు నుంచీ ఉంది, ధాన్యం సంచులలో వారి రూకలు తిరిగి పెట్టించినది అతడే. నమ్మకానికి మాత్రం గుర్తు కోరాడు.

మన ఒంగోలు చరిత్రలోనూ దీనికి దగ్గరగా ఒక సంగతి ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి ఇప్పించారు. ఆ రోజులలో బాప్తిస్మం అడిగినవారికి ఆయన వెంటనే ఇవ్వలేదు, తిండి కోసం వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో తేలాలని ఏడాదికి పైగా ఆపారు. సహాయం ఆగిపోయిన తరువాత కూడా జనం వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కూలి ఇవ్వడంలో ఆయన ఎవరినీ పరీక్షించలేదు, సంఘంలో చేర్చుకోవడంలో పరీక్షించారు. దయకు షరతు పెట్టకుండానే నమ్మకానికి సమయం తీసుకోవచ్చునని నేను దానిని చదువుకున్నాను.

గూడూరు_లూథరన్
మాస్టారు గారూ, ఈసారి ఏకీభవిస్తున్నాను. ఫిలేమోనుకు రాసిన పత్రికలో కూడా పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిము చేసిన నష్టాన్ని దాచలేదు. అతడు నీకు ఋణమున్న యెడల అది నా లెక్కలో చేర్చుము అన్నాడు. లెక్క చెరిపివేయమని కాదు, నా లెక్కలో వేయమని. ఎవరో ఒకరు ఆ భారం మోయవలసిందే.

నెల్లూరు_నర్సు
మన పాస్టరు గారలు పౌలు లాగ ‘నా లెక్కలో వేయండి’ అని ఒక్కసారైనా అంటే ఎంత బాగుండును. నేను బాధతోనే అంటున్నాను. క్షమించమని చెప్పేవారు ఆ క్షమించే మనిషి పక్కన కొంత దూరమైనా నడవాలి.

టంగుటూరు_రైతు
అందరి మాటలూ రాత్రి కూర్చొని మా ఇంటిదానికి చదివి వినిపించాను. మేమిద్దరం ఒక నిర్ణయానికి వచ్చాము. వడ్డీ మొత్తం వదిలివేస్తాము, అది బావగారికి మా ఇష్టంతో ఇస్తున్నది. అసలు విషయంలో, ఆయన కొద్ది మొత్తమైనా చెల్లించి నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే, మిగిలినది ఆయనకు వీలైనప్పుడు రెండు మూడు పంటలలో ఇవ్వవచ్చు. అది అప్పేనని ఆయన నోటితో మా అక్క ముందు ఒప్పుకుంటే చాలు. ఒప్పుకోకపోతే గడువు లోపల దావా వేస్తాను, వేసిన తరువాత కూడా ఆయన ఇంటికి వెళ్లడం మానను. అక్క పిల్లలకు పండుగకు బట్టలు ఎప్పటిలాగే కొంటాను. పాస్టరు గారిని, మరొక డీకన్‌గారిని వెంట రమ్మని అడిగాను. పాస్టరు గారు ఆలోచించి చెబుతానన్నారు.

పెన్నా_ఒడ్డు
అన్నా, నేను చించివేయమన్నాను, మీరు చించివేయడం లేదు. అయినా మీరు చేస్తున్న దానిలో నాకు క్షమాపణ కనిపిస్తోంది. దావా వేసిన తరువాత కూడా ఆ ఇంటికి వెళ్తానన్న మాట నిలబెట్టుకోండి, అది అన్నిటికన్నా కష్టమవుతుంది.

కావలి_అక్క
అక్కతో విడిగా మాట్లాడావా తమ్ముడూ? ఆమె ముందు ఆయన ఒప్పుకోవాలంటున్నావు. ఒప్పుకోని పక్షంలో ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండవలసినది ఆమె. ఆమెను అడగకుండా ఆమె ముందు ఏదీ తేల్చవద్దు.

టంగుటూరు_రైతు
మాట్లాడలేదు అక్కా. రేపు మధ్యాహ్నం ఆమె అమ్మను చూడడానికి ఇక్కడికి వస్తోంది, అప్పుడు అడుగుతాను. ఆమె వద్దంటే సంగతి సంఘపు గదిలో మాట్లాడుకుంటాము.

న్యాయవాది_నెల్లూరు
అసలు నోటు వెంట తీసుకువెళ్లవద్దు, జిరాక్సు తీసుకువెళ్లండి. ఆయన సరేనంటే అప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట అసలు నోటు తీసి చెల్లు రాయించుకోండి. వడ్డీ వదిలివేస్తున్న సంగతి కూడా కాగితం మీద పెట్టి ఆయనకు ఇవ్వండి, రేపు మీ పిల్లలు దానిని మళ్లీ అడగకుండా ఉంటారు.

నెల్లూరు_నర్సు
అక్కయ్య పేరు చెప్పనక్కరలేదు, మా ప్రార్థన కూటంలో రేపు ఆమె కోసం, బావగారి కోసం ప్రార్థిస్తాము.